బోస్టన్‌లో కెన్నెడీల వెంట: ఏది చూడాలి, ఏది వదిలేసినా పర్లేదు

బోస్టన్‌కి వచ్చే మనవాళ్ళ రూట్ దాదాపు ఒకటే. హార్వర్డ్‌లో ఆ విగ్రహం కాలు పట్టుకుని ఫొటో, క్విన్సీ మార్కెట్, నేల మీదా నీళ్ళలోనూ నడిచే బస్సులో డక్ టూర్, టైముంటే యాష్‌లాండ్ లక్ష్మీ గుడి, అక్కణ్ణించి ఇంటికి. మా నాన్నగారు మాత్రం ఇండియాలో టికెట్ బుక్ చేసినప్పట్నించీ అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన జాన్ కెన్నెడీ పుట్టిన ఇల్లు చూడాలనే అంటున్నారు, ఆయన చిన్నప్పుడు మా తాతగారి హాల్లో గాంధీ, నెహ్రూ పక్కన కెన్నెడీ ఫొటో కూడా ఉండేదట. సరే అని ఎండాకాలం సెలవుల్లో న్యూజెర్సీ నుంచి కారేసుకుని అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీస్కెళ్ళాం.

ముందు బస సంగతి. బోస్టన్ డౌన్‌టౌన్‌లో రూమ్ తీసుకుంటే రేటు ఒక ఎత్తు, రాత్రి కారు పెట్టడానికి మళ్ళీ వేరే బాదుడు. మేం బోస్టన్ పక్కనే ఉన్న క్విన్సీ అనే ఊరి వైపు (ఆ మార్కెట్ కాదు) ఒక మామూలు చెయిన్ హోటల్లో దిగాం, పార్కింగ్ ఫ్రీ, రెడ్ లైన్ ట్రెయిన్ దగ్గర, మనిషికి 2.40 డాలర్ల టికెట్‌తో నేరుగా సిటీలోకి. బ్రేక్‌ఫాస్ట్ అంటే వాఫిల్సూ గుడ్లూ, శాకాహారులకి బ్రెడ్డూ జామూ అరటిపండే గతి, కాబట్టి రూమ్‌లో మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కుని బుక్ చేస్కోండి. వెబ్‌సైట్‌లో ఉందని రాసి ఉంటుంది, వెళ్తే అది లాబీలో ఒకటే ఉంటుంది.

ఇక కెన్నెడీ పుట్టిన ఇల్లు, బోస్టన్‌ని ఆనుకుని ఉన్న బ్రూక్‌లైన్‌లో 83 బీల్స్ స్ట్రీట్. గ్రీన్ లైన్ ట్రెయిన్ సి బ్రాంచ్‌లో కూలిడ్జ్ కార్నర్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చేస్తుంది, కారులో వెళ్తే వీధి పార్కింగ్ టైమ్ లిమిట్ బోర్డు చూస్కోండి. నేషనల్ పార్క్ వాళ్ళది, టికెట్ కొనక్కర్లేదు, చలికాలం మూసేస్తారు. ఎంత మామూలు ఇల్లంటే నాన్నగారు ఎదురుగా నిలబడి "ఇదేనా" అన్నారు. 1914లో పెళ్ళికి ముందు జాన్ తండ్రి జోసెఫ్ కెన్నెడీ కొన్నాడు, 1917 మే 29న జాన్ ఇక్కడే మేడ మీద గదిలో పుట్టాడు, 1920లో వీళ్ళు ఇల్లు మారారు. తర్వాత 1966లో తల్లి రోజ్ ఆ ఇంటిని మళ్ళీ కొని, 1917లో ఎలా ఉండేదో గుర్తు చేసుకుని సామాను సర్దించి దేశానికి ఇచ్చేసింది. అంటే మనం చూసేది అచ్చంగా అప్పటి ఇల్లు కాదు, కొడుకుల్ని పోగొట్టుకున్న ఒక తల్లి జనం ఎలా చూడాలనుకుందో ఆ ఇల్లు. అది తెలిసి చూస్తే డైనింగ్ రూమ్‌లో పిల్లల కోసం వేసిన ఆ బుల్లి టేబుల్ కూడా వేరేగా కనిపిస్తుంది. తొమ్మిది మంది పిల్లల జబ్బులూ టీకాలూ అన్నీ కార్డుల మీద రాసి పెట్టుకున్న మనిషి ఆవిడ. అంత చేసినా కూతురు రోజ్‌మేరీకి 1941లో తండ్రి మెదడు ఆపరేషన్ చేయించడం, ఆ పిల్ల జీవితమంతా కోలుకోకపోవడం ఆపలేకపోయింది.

రేంజర్ అమ్మాయి చాలా ఓపిగ్గా చెప్పింది, పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మరీ. జాన్ ముత్తాత, మొదటి పాట్రిక్ కెన్నెడీ, ఐర్లండ్‌లో కరువు రోజుల్లో, 1849 ప్రాంతంలో అక్కణ్ణించి వచ్చి ఈస్ట్ బోస్టన్‌లో పీపాలు చేసేవాడు, 1858లో కలరాతో పోయాడు, భార్య బ్రిజెట్ చిన్న కొట్టు పెట్టి పిల్లల్ని పెంచింది, కొడుకు పీజే బార్లు పెట్టి, ఆ పలుకుబడితో మసాచుసెట్స్ శాసనసభకి వెళ్ళాడు. నాన్నగారు వెంటనే "సారా వ్యాపారం నించి రాజకీయాల్లోకి రావడం ఇక్కడా ఉందన్నమాట" అన్నారు, ఇంగ్లీషులో చెప్పమంటే నేను చెప్పలేదు.

బోస్టన్‌లోనే ఇటాలియన్ పేట నార్త్ ఎండ్‌లో రోజ్ పుట్టిన గార్డెన్ కోర్ట్ స్ట్రీట్, ఆవిడకి బాప్టిజం, 1995లో అంత్యక్రియలు రెండూ జరిగిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఉన్నాయి. ఎలాగూ స్వీట్ల కోసం అటు వెళ్తారు కాబట్టి దారిలో చూసేయండి, ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

ఇక అసలు పెద్ద ఐటమ్, కొలంబియా పాయింట్‌లో జేఎఫ్‌కే, అంటే జాన్ ఎఫ్ కెన్నెడీ, లైబ్రరీ. రెడ్ లైన్‌లో జేఎఫ్‌కే యూమాస్ స్టేషన్‌లో దిగితే ఫ్రీ షటిల్ ఉంది, కారుకీ పార్కింగ్ ఫ్రీ. ఐ ఎం పే డిజైన్ చేసిన తెల్ల బిల్డింగ్, 1979లో తెరిచారు, లోపల అంతా కిందకి దిగి చీకటి గదుల్లో తిరిగి చివర్లో ఒక్కసారిగా ఎత్తయిన గాజు హాల్లోకి, సముద్రం ముందుకి వస్తాం. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ పడవ మునిగినప్పుడు జాన్ కెన్నెడీ సాయం కోసం కబురు చెక్కి పంపిన కొబ్బరి చిప్ప దగ్గర మా పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. బానే ఉంది కానీ పూర్తిగా అభిమాన సంఘం వాళ్ళ మ్యూజియంలా ఉంటుంది. వియత్నాం గురించి గట్టి ప్రశ్నలున్నవాళ్ళకి జవాబు ఇక్కడ దొరకదు.

నా మాట వింటే పక్కనే ఉన్న టెడ్ కెన్నెడీ (జాన్ తమ్ముడు, సెనేటర్) ఇన్‌స్టిట్యూట్‌కి టైమ్ ఎక్కువ పెట్టండి, చాలామంది దాన్ని చూడకుండానే షటిల్ ఎక్కేస్తారు. 2015లో తెరిచారు, అన్ని రోజులూ ఉండదు కాబట్టి వెళ్ళేముందు చూస్కోండి. అమెరికా సెనేట్ సభని అంతే సైజులో కట్టి పెట్టారు, కుర్చీల్లో కూర్చోవచ్చు, టెడ్ ఆఫీసు గదిని కూడా కుక్కల కోసం ఉంచిన టెన్నిస్ బంతులతో సహా దించేశారు.

మనకెందుకు ఈయన అంటారా. 1965కి ముందు ఇండియా నుంచి ఇక్కడ స్థిరపడ్డానికి ఏడాదికి కోటా 100 మంది. ఆ పద్ధతి తీసేసిన 1965 చట్టాన్ని సెనేట్‌లో ముందుండి నడిపింది టెడ్, అప్పుడాయనకి 33 ఏళ్ళు. మా పెదనాన్న 70ల్లో డాక్టరుగా న్యూయార్క్ వచ్చారంటే ఆ తలుపు తెరుచుకోబట్టే. తర్వాత హెచ్ 1 బీ ఉద్యోగ వీసాకి ఇప్పటి రూపం ఇచ్చి, మొదట 65,000 అని పరిమితి పెట్టిన 1990 చట్టం కూడా ఈయన ప్రవేశపెట్టిందే, గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క కూడా అందులోదే. అంటే మమ్మల్ని ఇక్కడికి రప్పించిన చట్టమూ అదే, క్యూలో నిలబెట్టిన చట్టమూ అదే, ఆ సెనేట్ కుర్చీలో కూర్చుని మా ఆయన గ్రీన్ కార్డు క్యూలో తన వంతు తేదీ, అదే ప్రయారిటీ డేట్, గుర్తు చేసుకుని నవ్వారు. అన్నట్టు ఈయనేం దేవుడు కాదు, 1969లో చాపాక్విడిక్‌లో ఈయన నడిపిన కారు నీళ్ళలో పడి అందులో ఉన్న అమ్మాయి చనిపోతే మర్నాటిదాకా పోలీసులకి చెప్పని మనిషి. రెండూ ఒకే మనిషివి.

హయానిస్ గురించి మాత్రం కొంచెం ఆలోచించుకుని వెళ్ళండి. కెన్నెడీల ఇళ్ళు చూద్దామని చాలామంది సముద్రంలోకి పొడుచుకొచ్చిన కేప్ కాడ్‌లో ఉన్న ఈ ఊరి దాకా వెళ్తారు, కానీ హయానిస్‌పోర్ట్‌లో ఆ కాంపౌండ్ ఇప్పటికీ సొంత ఆస్తి, లోపలికి రానివ్వరు, మేం ఎక్కిన పడవ టూర్‌లో కూడా దూరం నుంచి తెల్ల ఇళ్ళు కనిపించాయి, ఏది ఎవరిదో స్పీకర్‌లో చెప్పేలోపే పడవ తిరిగిపోయింది. మెయిన్ స్ట్రీట్‌లో పాత టౌన్ హాల్లో ఉన్న కెన్నెడీ మ్యూజియం చిన్నది, ఎక్కువగా ఫొటోలే. ఓషన్ స్ట్రీట్‌లో నీళ్ళ పక్కన కెన్నెడీ మెమోరియల్ మాత్రం హాయిగా ఉంది, అమ్మ అక్కడే బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచేసింది. ఎందుకంటే ఊళ్ళో మేం చూసిన హోటళ్ళలో క్లామ్ చౌడర్, లాబ్‌స్టర్ రోల్, వేయించిన చేపలే, శాకాహారం అంటే ఫ్రెంచ్ ఫ్రైస్ చూపించారు. మోటెల్ గది పాతది, ఏసీ ట్రాక్టర్‌లా చప్పుడు, రేటు చూస్తే క్విన్సీకి రెట్టింపు. కౌంటర్‌లో ఉన్న గుజరాతీ ఆంటీ మాత్రం అమ్మకి అడక్కుండానే మసాలా టీ పెట్టి ఇచ్చింది.

అయినా కేప్ చూడాల్సిందే, కాకపోతే కెన్నెడీ ఇంటి కోసం కాదు, జాన్ కెన్నెడీ ప్రెసిడెంట్‌గా 1961 ఆగస్టులో సంతకం పెట్టి నేషనల్ సీషోర్‌గా కాపాడిన ఆ పొడవాటి ఇసుక తీరం కోసం. హయానిస్ నుంచి ఇంకా తూర్పుకి వెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం కేప్‌లోకి వెళ్ళే సాగమోర్ బ్రిడ్జి వైపు కారు తియ్యకండి, వేసవి వీకెండ్లలో బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి హయానిస్‌కి కేప్ ఫ్లయర్ ట్రెయిన్ నడుస్తుంది, అటునించి బీచ్‌లకి మళ్ళీ బస్సో కారో చూసుకోవాలి. పిల్లల స్కూల్ అడ్డం రాకపోతే లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక వెళ్ళండి, రేట్లు దిగుతాయి, పార్కింగ్ దొరుకుతుంది.