వాణిజ్య ప్రకటనల విరామం లేని టునైట్ షో బ్యాండ్

జానీ కార్సన్ నడిపిన రాత్రిపూట టెలివిజన్ ముచ్చట్ల కార్యక్రమం ‘ద టునైట్ షో’ను ఇంట్లో కూర్చుని చూసిన అమెరికన్ ప్రేక్షకులకు, ట్రంపెట్ వాద్యకారుడు డాక్ సెవరిన్‌సన్ నడిపిన బృందం దాదాపు పాతికేళ్లపాటు ముక్కలు ముక్కలుగానే వినిపించింది. పాట ఎత్తుకుని కాస్త ఊపు అందుకునేలోపు వాణిజ్య ప్రకటనలు వచ్చేవి. అవి ముగిసేసరికి ముక్తాయింపు మాత్రం చెవిన పడేది. నడుమ సాగిన అసలు సంగీతమంతా స్టూడియోలో కూర్చున్నవారి భాగ్యం. 1986లో ఆమ్‌హర్స్ట్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన ‘ద టునైట్ షో బ్యాండ్ విత్ డాక్ సెవరిన్‌సన్’ ఆల్బం ఆ కొరతను తీర్చింది. మరుసటి ఏడాది బిగ్ బ్యాండ్ (పెద్ద జాజ్ వాద్యబృందం) విభాగంలో దానికి గ్రామీ సంగీత పురస్కారం లభించింది. తరువాత రెండవ సంపుటం కూడా వచ్చింది. రెండింటినీ కలిపి ఒకే రచనగా వినడం మేలు కనుక ఈ సమీక్షలోనూ వాటిని విడదీయడం లేదు.

నాట్యం కోసం పెద్ద జాజ్ బృందాలు వాయించిన 1930, 40 దశకాల స్వింగ్ రచనలను తిరిగి రికార్డు చేసే బృందాలు సాధారణంగా రెండు దారుల్లో ఒకదాన్ని పడతాయి. పాత రికార్డులోని ప్రతి స్వరాన్నీ, సోలోలతో (ఒక్కరే వాయించే భాగాలతో) సహా, యథాతథంగా అప్పజెప్పడం మొదటిది. పాట పేరు మాత్రం ఉంచుకుని తక్కినదంతా మార్చేయడం రెండవది. సెవరిన్‌సన్ బృందానికి ఈ రెండింటి అవసరమూ లేకపోయింది. ఇందులోని పెద్దలు స్వింగ్‌ను రికార్డుల ద్వారా నేర్చుకున్నవారు కారు, ఆ బృందాలలోనే కూర్చుని వాయించినవారు. 1927లో జన్మించిన సెవరిన్‌సన్ చార్లీ బార్నెట్, టామీ డోర్సీ బృందాలలో పనిచేసి, 1949లో ఎన్‌బీసీ ప్రసార సంస్థలో వాద్యకారుడిగా చేరి, 1967లో ఈ కార్యక్రమపు బృందానికి నాయకుడయ్యాడు. 1972లో కార్యక్రమం న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌కు తరలినప్పుడు ట్రంపెట్ వాద్యకారుడు స్నూకీ యంగ్, డ్రమ్మర్ ఎడ్ షానెసీ, శాక్సోఫోన్ వాద్యకారుడూ సహాయ సంచాలకుడూ అయిన టామీ న్యూసమ్ వెంట వచ్చారు. ఏళ్ల తరబడి ఒకరి ఊపిరిని ఒకరు ఎరిగిన ఇటువంటి బృందాన్ని రికార్డింగ్ కోసం నాలుగు రోజుల్లో పోగుచేయడం ఎవరి తరమూ కాదు.

‘బిగిన్ ద బెగీన్’ వింటే ఈ ఆల్బం అవసరం ఏమిటో తెలిసిపోతుంది. కోల్ పోర్టర్ 1935లో కట్టిన ఈ పాట, 1938లో ఆర్టీ షా క్లారినెట్ పుణ్యమా అని లోకమంతా పాకింది. అప్పటి పాటలు మామూలుగా 32 కొలతల్లో (బార్లలో, అంటే తాళపు చిన్న విభాగాల్లో) ఒక ఆవృత్తం ముగిస్తే, ఇది 108 కొలతలు సాగితేగాని మొదటికి రాదు. టెలివిజన్ గడియారానికి అసలు సరిపడని రచన ఇది. ప్రకటనల విరామంలో దీన్ని ఎత్తుకుంటే ఇంటి ప్రేక్షకుడికి తలా తోకా తప్ప మరేమీ దక్కదు. ఇక్కడ మాత్రం అంత పొడవునా శాక్సోఫోన్లు, ట్రాంబోన్లు, ట్రంపెట్లు ఒకదాని భుజం మీది బరువును మరొకటి అందుకుంటున్నట్లుగా సాగుతాయి. ఒక సెక్షన్ (ఒకే రకం వాద్యాల వరుస) స్వరాన్ని వదిలే చోటు, మరొకటి పట్టుకునే చోటు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. స్వరాన్ని కలిసి ఎత్తుకోవడం సాధన ఉన్న ఏ బృందమైనా చేయగలదు, కలిసి ఆపడమే కష్టం. ఈ బృందపు ట్రంపెట్లు ఆ పరీక్షలో ఎక్కడా తడబడవు.

స్నూకీ యంగ్ గురించి విడిగా చెప్పాలి. జిమ్మీ లన్స్‌ఫర్డ్ బృందంలోనూ, 1957 నుంచి 1962 వరకు కౌంట్ బేసీ బృందంలోనూ వాయించిన ఇతనికి ప్లంజర్ మ్యూట్ (ట్రంపెట్ శబ్దాన్ని మార్చే అడ్డు) పెట్టింది పేరు. ప్లంజర్ అంటే సింకు అడ్డుపడితే పొడిచే రబ్బరు డిప్ప, అంతకు మించి మరేమీ కాదు. పిడి తీసేసిన ఆ డిప్పను ఎడమ చేత్తో ట్రంపెట్ ముందరి వెడల్పాటి మూతికి అడ్డుపెట్టి, కొద్దికొద్దిగా తెరుస్తూ మూస్తూ ఉంటే లోహపు గొట్టానికి మనిషి గొంతు వస్తుంది, అలుగుతుంది, వెటకారమాడుతుంది. బేసీ 1937లో రికార్డు చేసిన ‘వన్ ఓక్లాక్ జంప్’ కూడా ఈ రికార్డింగుల్లో ఉంది. బేసీ ఊపును బేసీ దగ్గరే ఒంటబట్టించుకున్న మనిషి వరుసలో ఉన్నందువల్ల, పన్నెండు కొలతల ఆ సాదా బ్లూస్‌ను ఇతరులు ఉరికించే చోట వీరు నింపాదిగా నడిపిస్తారు.

షానెసీ డ్రమ్స్ విషయంలో అభిప్రాయభేదాలు తప్పవు. ఇతను ఉస్తాద్ అల్లారఖా దగ్గర తబలా నేర్చుకున్నవాడు. ఆ విద్య నేరుగా ఇక్కడ వినిపిస్తుందని అనను గానీ, పెద్ద దెబ్బకు ముందు లెక్క కట్టి వేసే చిన్న చిన్న దెబ్బల్లో ఆ శ్రద్ధ ఉందేమోనని మన చెవికి అనిపించక మానదు. అయితే డ్రమ్స్ శబ్దాన్ని రికార్డు చేసిన తీరు పూర్తిగా 1980లదే: తళతళమంటూ, ప్రతి సింబలూ విడివిడిగా, చెవికి మరీ దగ్గరగా ఉంటుంది. పాత స్వింగ్ రికార్డుల్లో డ్రమ్స్, బేస్, గిటార్, పియానో కలిసి ఒకే ముద్దగా వినిపించేవి. ఆ ముద్దలోనే నాట్యానికి కావలసిన ఊపు ఉండేది. ఇక్కడి స్పష్టతలో ఆ ఊపు కొంత పలచబడింది.

మరో లోపం బృందపు వృత్తి నుంచే వచ్చింది. రాత్రిరాత్రికీ కొత్త అతిథికి, కొత్త చార్టుకు (రాసిన స్వరపత్రానికి) తక్షణం సిద్ధం కావలసిన స్టూడియో వాద్యకారులకు తప్పు చేసే వెసులుబాటు లేదు. ఆ క్రమశిక్షణ వల్ల వాద్యంలో మచ్చ కనబడదు. సాహసమూ కొంత తగ్గింది. జెల్లీ రోల్ మోర్టన్ రచన ‘కింగ్ పోర్టర్ స్టాంప్’ను బెన్నీ గుడ్‌మన్ 1935లో ఫ్లెచర్ హెండర్సన్ అరేంజ్‌మెంట్‌తో రికార్డు చేశాడు. ఆ పాత రికార్డులో బనీ బెరిగన్ ట్రంపెట్ సోలో మొదలుకాగానే ఎటు దూకుతాడోనన్న ఉత్కంఠ కలుగుతుంది. సెవరిన్‌సన్ తారస్థాయి అంతకన్నా ధారాళమైనదే, శ్రుతి తప్పే ప్రసక్తే లేదు, కానీ అతను దూకినచోట క్షేమంగా దిగుతాడని మనకు ముందే తెలుసు. పాల్ ఆంకా స్వరపరచిన కార్యక్రమపు శీర్షిక సంగీతం ‘జానీస్ థీమ్’ను చేర్చడం వ్యాపార ధర్మం, కార్సన్‌ను ఎన్నడూ చూడని శ్రోత దాన్ని దాటవేసినా పోయేదేమీ లేదు.

స్వింగ్‌కు కొత్తవారు మొదట ఈ రికార్డుతోనే ఆరంభించడం మంచిది. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల గరగర అలవాటు లేని చెవికి ఏ వాద్యం ఏ పని చేస్తోందో ఇందులో తేటగా అర్థమవుతుంది. ఆ తరువాత షా, బేసీ, గుడ్‌మన్ రికార్డులకు వెళితే అక్కడి మసక శబ్దంలోనూ అవే వరుసలను పోల్చుకోవచ్చు. ఆ పాతవి ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు సోలోల కోసం కాక, సెక్షన్ల వాద్యం కోసం దీన్ని కొనాలి. చిన్న స్పీకర్లలో మంద్రంలోని బారిటోన్ శాక్సోఫోన్, బేస్ ట్రాంబోన్ పూర్తిగా మునిగిపోతాయి కనుక మంచి హెడ్‌ఫోన్స్‌తోనో, గదికి తగిన పెద్ద స్పీకర్లతోనో వినడం అవసరం.