పెద్దసారుకు కోచ్ మేలా, మేనేజ్‌మెంట్ కోర్సు మేలా?

ఇక్కడ కోచ్ అంటే ఆటలు నేర్పేవారు కాదు, పై అధికారితో విడిగా కూర్చుని తన పనితీరును తానే సరిదిద్దుకునేలా చేసేవారు. ఒడిశాలోని రాయగడ మిల్లులో పాతికేళ్లు పనిచేసి పైకొచ్చిన పెద్దాయనతో "మీకు కోచ్ ఉంటే బాగుంటుందండీ" అని చూడండి. కళ్లజోడు తీసి, "నాలో లోపమేమిటి?" అంటారు. కోర్సుకైతే పదిమందితో పాటు వెళ్లొస్తారు.

ఖర్చు: కోర్సుకు ఫీజు, విశాఖ ప్రయాణం, బస. కోచ్‌కు గంటల లెక్క. ఆరు నెలలకు బరువే.

శ్రమ: కోర్సులో వింటే చాలు. కోచ్ సలహాలివ్వరు, ప్రశ్నలడుగుతారు. ఒడియా, తెలుగు సిబ్బంది కూర్చున్న మీటింగులో తానొక్కరే మాట్లాడుతున్నానని పెద్దాయనే గుర్తించాలి. అసలు కష్టం అదే.

రిస్కు: కోర్సు ఫైలు బీరువాలో పడుతుంది. కోచ్‌తో భయం గుట్టు గురించి. మాటలు యాజమాన్యానికి చేరవని ముందే రాయించుకోవాలి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వారి పీసీసీ (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్) గుర్తింపుకు కనీసం 500 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి, అది అడగండి.

బడ్జెట్ లెక్కలు కొత్తైతే కోర్సు. లెక్కలొచ్చినా మనుషులు నిలవకపోతే కోచ్. పదోన్నతి వచ్చిన వారంలో చెబితే నొచ్చుకోరు.