షుగర్ పుండు మీద పీడీజీఎఫ్ జెల్: ఆ ఎరుపును ఎంతవరకు నమ్మాలి?

నెలల తరబడి పాలిపోయి, ఉలుకూ పలుకూ లేకుండా పడున్న అరికాలి పుండు రెండో మూడో వారానికి ఎర్రబడితే కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. అడుగున దానిమ్మ గింజల్లా కొత్త కండ లేస్తుంది. తడి గాజు గుడ్డతో అద్దితే చుక్కచుక్కగా నెత్తురు చెమరుస్తుంది. పీడీజీఎఫ్ అంటే ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే, గాయంలో కొత్త కండని లేపే ప్రోటీన్; దాన్నే మందుగా చేసిన బెకాప్లెర్మిన్ 0.01 శాతం జెల్‌ని మా డ్రెస్సింగ్ గదిలో ఇన్నేళ్ళూ వదలకపోవడానికి కారణం ఆ ఎరుపే. మా కోపమూ దాని మీదే.

ముందు వాడకం సంగతి, ఎక్కువ ట్యూబులు ఇక్కడే వృథా అవుతాయి గనక. 15 గ్రాముల ట్యూబుకి లెక్క తేలిక: పుండు పొడవును వెడల్పుతో హెచ్చించి నాలుగుతో భాగించాలి, అన్నీ సెంటీమీటర్లలో. 4 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పుండుకి రోజుకి 2 సెంటీమీటర్ల జెల్ చాలు. అంటే సుమారు అర గ్రాము, ట్యూబు నెల రోజులొస్తుంది. చిన్న ట్యూబు మూతి సన్నం కాబట్టి దానికి ఈ లెక్క పనికిరాదు. పుండు చిన్నదవుతున్నకొద్దీ వారానికో, రెండు వారాలకో మళ్ళీ కొలవాలి. జెల్‌ని శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం మీదకి పిండి, దూది పుల్లతో ఒకటిన్నర మిల్లీమీటరు మందాన సమంగా పరవాలి. ట్యూబు మూతి పుండుకి తగలకూడదు. పైన సెలైన్‌లో తడిపి పిండిన గాజు. 12 గంటల తర్వాత జెల్ కడిగేసి, మిగతా 12 గంటలూ జెల్ లేకుండా తడి గాజు మాత్రమే. మందంగా పూస్తే త్వరగా మానుతుందని రెండు పూటలా దట్టించేవాళ్ళున్నారు. పుండు అంచు నానిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ట్యూబు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. మే నెలలో మందుల షాపు నుంచి ఇంటికి చేతిసంచిలో వచ్చిన ట్యూబు మీద మాకు నమ్మకం ఉండదు. ఐస్ ప్యాక్ లేకుండా తెచ్చుకోవద్దని ముందే చెబుతాం. ఇందులో ఉన్నది ఈస్ట్‌తో తయారుచేసిన ప్రోటీన్. పపైన్ లాంటి, ప్రోటీన్‌ని అరగదీసే ఆయింట్‌మెంట్‌ని దీంతో కలిపి రాస్తే డబ్బు గాజు గుడ్డలో పోసినట్టే.

ఇప్పుడు అసలు విషయం. మా దగ్గరికొచ్చిన ఒకరికి పిక్క మీద పాత కాలిన మచ్చ, చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలినది. ఆ మచ్చలోనే పుండు పడుతూ మానుతూ ఏళ్ళు గడిచాయి. ఈ జెల్ ఉద్దేశించింది అలాంటి పుండుకి కాదు. షుగర్ వల్ల స్పర్శ పోయి, చర్మం లోతుకి దిగి, నెత్తురు బాగా ఆడే కాలి పుళ్ళకి మాత్రమే. అయినా వేరేచోట ఎవరో రాసిచ్చారు. రెండు ట్యూబులు అయ్యేసరికి పుండు నిండా ఎర్రటి కండ లేచింది. ఇంట్లోవాళ్ళు మందు పట్టిందని సంబరపడ్డారు. టేబుల్ మీద దీపం దగ్గరగా లాగి చూస్తే మాత్రం లెక్క కుదరలేదు. మంచి గ్రాన్యులేషన్, అంటే మానే గాయంలో లేచే కొత్త కండ, చర్మం మట్టానికి వచ్చి ఆగుతుంది, దాని అంచు చుట్టూ లేత నీలం ఛాయతో పల్చటి కొత్త చర్మం లోపలికి పాకుతూ కనిపిస్తుంది. ఇక్కడ కండ మట్టం దాటి పైకొచ్చింది. అంచు బయటికి తిరగబడి, నొక్కితే గట్టిగా ఉంది. గాజు తీస్తుంటే పొడిపొడిగా ఊడి ధారగా నెత్తురు కారింది. శుభ్రం చేశాక కూడా వాసన పోలేదు.

అంచు పొడుగునా నాలుగు చోట్ల నుంచి, పక్కనున్న చర్మం కూడా కొంచెం కలిసేలా ముక్కలు పరీక్షకి పంపారు. నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన కండ మాత్రమే వచ్చి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. వచ్చిన జవాబు: స్క్వామస్ సెల్ కార్సినోమా, ఒక రకం చర్మ క్యాన్సర్. పాత కాలిన మచ్చల్లో, ఏళ్ళనాటి పుళ్ళలో వచ్చే ఈ రకాన్నే మార్జోలిన్ అల్సర్ అంటారు. మామూలు చర్మ క్యాన్సర్ కంటే గజ్జల్లోని లింఫ్ గ్రంథులకి పాకే అలవాటు దీనికి ఎక్కువ.

జెల్ వల్లే వచ్చిందా? అలా అనలేం. మచ్చలో క్యాన్సర్ తయారవడానికి దశాబ్దాలు పడుతుంది, రెండు ట్యూబుల్లో కాదు. కానీ గాయం మానడానికీ కణితి పెరగడానికీ వాడే సామాను చాలావరకు ఒకటే. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పీడీజీఎఫ్ ఫైబ్రోబ్లాస్ట్‌లని, అంటే కొత్త కండ అల్లే కణాల్ని, పిలిచి పనిలో పెడుతుంది. గాయంలో ఆ పిలుపు పని అయ్యాక ఆగిపోతుంది. డెర్మాటోఫైబ్రోసార్కోమా ప్రొట్యుబరాన్స్ అనే చర్మ కణితిలో 17, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడంతో పీడీజీఎఫ్-బీ జన్యువు కొల్లాజెన్ జన్యువుకి అతుక్కుని, ఆ పిలుపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే ఆ కణితికి పీడీజీఎఫ్ పిలుపుని అందుకునే రిసెప్టర్‌ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందు పనిచేస్తుంది. కణితులంటే మానని గాయాలని హెరాల్డ్ డ్వోరాక్ 1986లోనే రాశారు. పుండు ఉన్న స్థలంలోనే కణితి ఉంటే ఈ జెల్ వాడకూడదన్న నిషేధం అందుకే ఉంది.

2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జెల్ మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. మూడు, అంతకంటే ఎక్కువ ట్యూబులు వాడినవాళ్ళలో క్యాన్సర్ మరణాలు వెయ్యి వ్యక్తి-సంవత్సరాలకి (వెయ్యి మందిని ఏడాదిపాటు గమనించినట్టు లెక్క) 3.9, వాడనివాళ్ళలో 0.9. తర్వాతి పరిశీలనల్లో అంత తేడా కనపడలేదు, 2018లో ఆ పెట్టె తీసేశారు. ఆ స్థలంలో కణితి ఉంటే వాడొద్దన్న మాట మాత్రం అలాగే ఉంది. మన దగ్గర చీటీ రాసేటప్పుడు మరిచిపోతున్నది సరిగ్గా ఆ మాటనే.

ఎరుపు గురించి మొదట అన్నదానికి ఇంకొక సవరణ కూడా ఉంది. పీడీజీఎఫ్ ప్రధానంగా పనిచేసేది ఫైబ్రోబ్లాస్ట్‌ల మీద, పైచర్మం కణాల మీద కాదు. గుంత పూడుతుంది, పైన చర్మం కప్పుకోవడం మాత్రం నింపాదిగా సాగుతుంది. పైచర్మాన్ని నేరుగా కదిపేది ఈజీఎఫ్ అనే మరో ప్రోటీన్. హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి రీజెన్-డి ఆ కోవకి చెందినది. 1998లో వచ్చిన ట్రయల్‌లో 20 వారాలకి పూర్తిగా మానినవి బెకాప్లెర్మిన్ జెల్‌తో 50 శాతం, మందు లేని ఉత్త జెల్‌తో 35 శాతం. అంటే చచ్చిన కండ తీయడం, కాలి మీద బరువు పడకుండా చూడటం, తడి కట్టు, ఇవే మూడో వంతు పుళ్ళని మాన్పేశాయి. అంతకుముందు ట్రయల్ లెక్కలు విడదీసి చూస్తే, తరచూ డీబ్రైడ్‌మెంట్, అంటే చచ్చిన కండ గీకి తీయడం, చేసిన కేంద్రాల్లోనే ఎక్కువ పుళ్ళు మానాయి. పాత పుండు రసిలో ప్రోటీన్‌ని కొరికే ఎంజైములు నిండుగా ఉంటాయి, గీకకుండా రాస్తే జెల్ వాటికే ఆహారం.

మా దగ్గరికొచ్చేవాళ్ళు వారానికోసారి గీకించుకోవడానికి రాగలరు, ఇంట్లో ఫ్రిజ్ ఉంది, ఎంసీఆర్ చెప్పులు (అరికాలి మీద ఒత్తిడి తగ్గించే మెత్తటి రబ్బరువి) వేసుకుంటారు. అలాంటివాళ్ళకి అరికాలి పుండైతే ఇకపైనా ఇదే వాడతాం. నెత్తురు ఆడని కాలికి జెల్ వద్దు. ట్యూబు ఖరీదుకి అప్పు చేయాల్సినవాళ్ళకి ముందు చెప్పులూ, తర్వాత జెల్. పది వారాలకి పుండు 30 శాతం కూడా తగ్గకపోతే కొనసాగించాలా అని మళ్ళీ ఆలోచిస్తాం. షుగర్ పుండే పాత మచ్చలో ఉంటే ముక్క పరీక్ష రిపోర్టు కేసు షీట్‌కి పిన్ చేశాకే ట్యూబు మూత తీస్తాం. ఏ పుండుకైనా మూడో ట్యూబు రాసేముందు అంచుని ఇంకోసారి వేలితో నొక్కి చూస్తాం.