పిల్లిగద్దల వెంట ఎనిమిది రోజులు

గద్దల ఫొటోలకు వెళ్లేవాళ్లు లెన్సు గురించి బుర్ర బద్దలు కొట్టుకుంటారు గానీ, జీపు నడిపేది ఎవరో అడగరు. నేనూ అడగలేదు. ఫిబ్రవరి చివర్లో మా బావమరిదితో కలిసి గుజరాత్‌లో వేళావదర్, కచ్ ప్రాంతపు చిన్న రణ్, ఆపైన రాజస్థాన్‌లో తాల్ ఛాపర్ తిరిగి వచ్చాక బుద్ధొచ్చింది.

వేళావదర్ కృష్ణజింకల జాతీయ పార్కుకు అహ్మదాబాద్ నుంచి కారులో సుమారు మూడు గంటలు పట్టింది. 1976లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం దాదాపు 34 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు భావనగర్ రాజుల వేట మైదానం. చీతాలను మచ్చిక చేసి జింకల మీదికి వదిలేవారు. ఇప్పుడు జింకలు నిమ్మళంగా మేస్తుంటాయి. మేం వెళ్లింది మాత్రం హారియర్ల కోసం, అంటే మన పిల్లిగద్దల కోసం. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చి, పగలంతా చుట్టుపక్కల చేలల్లో మిడతలు పట్టి తిని, పొద్దుగూకేసరికి ఈ గడ్డిలోకి చేరతాయి. చెట్టెక్కవు, నేల మీదే పడక. ఇవి ఇంత పెద్ద సంఖ్యలో ఒకచోట పడుకునే తావులు ప్రపంచంలోనే కొన్నే.

మేం దిగిన రిసార్టు పేరు చెప్పను. గది బాగుంది, మంచం బాగుంది, వేణ్ణీళ్లు బాగా వచ్చాయి. పొద్దున్నే గేటు తెరిచే వేళకు వెళ్దామంటే మాత్రం "టిఫిన్ చేసి వెళ్లండి సార్, జింకలు ఎక్కడికీ పోవు" అన్నారు. జింకలు పోవు, నిజమే. వెలుగు పోతుంది. తొమ్మిదిన్నర దాటితే నేల నుంచి సెగ లేచి, ఫోకస్ ఎంత కచ్చితంగా ఉన్నా గద్ద రెక్క నీళ్లలో ముంచినట్టు కరిగిపోతుంది. పైగా వాళ్ల జీపులో వెనక సీట్లు మెట్లుమెట్లుగా ఎత్తులో ఉన్నాయి. నేల మీది పక్షిని మేడ మీంచి తీసినట్టు వచ్చింది ప్రతి ఫొటో. డ్రైవరు పిట్ట కనపడగానే సూటిగా దాని మీదికే పోనిచ్చాడు. మొదటి రోజు నా కార్డు నిండా గద్దల తోకలే.

రెండో రోజు గైడ్‌ను అడిగి ఊళ్లో వేరే బండి మాట్లాడుకున్నాం. నడిపిన పెద్దాయన పెద్దగా మాట్లాడలేదు. పక్షి కనపడితే చాలా దూరంలోనే ఆగి, కాసేపు దాన్ని చూసి, పక్కకు వెళ్తున్నట్టు వంకరగా పోనిచ్చి, ఎండ మా వీపున పడేలా ఆపేవారు. ఆపగానే ఇంజన్ బంద్. 600 ఎంఎం లెన్సుకు ఇంజన్ వణుకు చాలు, ఫొటో చెదిరిపోయి అంతా బూడిదలో పోసిన పన్నీరే. లెన్సు కదలకుండా ఆనించుకునే సంచి, బీన్‌బ్యాగ్‌ను, ఖాళీగా తీసుకెళ్లాం. ఊళ్లో కొట్టులో నాలుగు కిలోల సజ్జలు కొని నింపి, కిటికీ మీద పెట్టుకున్నాం. పార్కు వదిలేటప్పుడు ఆ సజ్జలు ఆయన ఇంటికే ఇచ్చేశాం.

ఆ సాయంత్రం ఆరు దాటాక మొదలైంది. ముందు ఒకటి వచ్చింది, మూరెడు ఎత్తులో, గడ్డి కొసలను రాసుకుంటున్నట్టు. తర్వాత నాలుగు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. ఒక మగది మా బండికి ఇరవై అడుగుల దూరంలో మలుపు తిరిగింది. గుడ్లగూబకున్నట్టు గుండ్రటి ముఖం, పసుపు కన్ను, బూడిద రంగు రెక్క మీద అడ్డంగా ఒక నల్ల చార. ఆ చార ఉంటే మాంటేగ్యూ హారియర్. చార లేకుండా రెక్క కొసన సన్నటి నల్ల చీలిక మాత్రమే ఉంటే పాలిడ్ హారియర్. వెలుగు పడిపోతుంటే షట్టర్‌ను సెకనులో 1/2000 వంతు నుంచి 1/1000కి దించి, కెమెరా వెలుగును పట్టే ఐఎస్ఓను 6400 దాకా ఎక్కించాను. ఫొటోలో ఇసుక చల్లినట్టు వచ్చింది. వస్తే రానీ.

చిన్న రణ్‌లో ఒక్క రోజే ఉన్నాం, అది మా తప్పు. దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల బీడు ఒక్క రోజులో ఏం తెలుస్తుంది? అడవి గాడిదలు కనిపించాయి. చెట్టన్నదే లేని చోట ఒక పెరిగ్రిన్, అదే మన బైరి డేగ, ఎండిన మట్టిగడ్డ మీద కూర్చుని ఉంది. దసాడా దగ్గర మేం ఉన్న గుడిసెల బసలో దోమలు దండిగా ఉన్నా, సజ్జ రొట్టె, వెన్న, బెల్లం తిన్నాక మాఫీ చేసేశాను.

తాల్ ఛాపర్ చురు జిల్లాలో ఉంది. మొత్తం కలిపితే ఏడు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చూడగానే "ఇంతేనా?" అన్నాడు బావమరిది. కానీ గడ్డి పొట్టి, నేల చదును, పక్షి కూర్చుంటే కాళ్ల గోళ్లతో సహా కనిపిస్తుంది. సుజాన్‌గఢ్‌లో హోటళ్లున్నాయి గానీ, అటవీశాఖ అతిథిగృహం దొరికితే అదే తీసుకోండి. దుప్పట్లు పల్చన, స్నానానికి బకెట్ నీళ్లు. అయినా నిద్ర లేచీ లేవగానే మైదానంలో ఉండొచ్చు.

అక్కడ ముళ్లతోక బల్లులు నేలలో బొరియలు చేసుకుని ఉంటాయి. ఎండ కాస్త ఎక్కాక ఒకటి తల బయటపెట్టింది. మేం చూస్తుండగానే ఒక లగ్గర్ డేగ నేలబారుగా వచ్చి దాన్ని అందుకుంది. బల్లి ఒళ్లు సగం బొరియలోనే ఉంది. డేగ రెక్కలు నేలకు ఆనించి వెనక్కి లాగుతోంది, కాళ్ల చుట్టూ దుమ్ము. అంతలో ఇంకో బండి ఎక్కణ్నుంచో దూసుకొచ్చి పది అడుగుల దూరంలో బ్రేకు వేసింది. డేగ వదిలేసి ఎగిరిపోయింది, బల్లి లోపలికి జారుకుంది. ఆ బండిలోని ఫొటోగ్రాఫరుకు దక్కింది కూడా తోకే అనుకుంటాను.

మళ్లీ వెళ్తే వేళావదర్‌లో మూడు రాత్రులు, తాల్ ఛాపర్‌లో మూడు పెట్టుకుంటాను. రణ్‌కు విడిగా ఇంకోసారి వెళ్లాలి. వానాకాలంలో వేళావదర్ మూసేస్తారు, చూసుకోండి. తిరుగు ప్రయాణంలో బావమరిది రోళ్లపాడు సంగతి ఎత్తాడు. నందికొట్కూరు దగ్గర బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటుచేసిన అభయారణ్యం. చలికాలంలో అక్కడికీ పిల్లిగద్దలు వస్తాయి. వాళ్ల ఊరి నుంచి గంట దూరం. ఇద్దరం ఇంతవరకూ ఒక్కసారీ వెళ్లలేదు.