గ్రాండ్ కాన్యన్ ట్రైలర్ విలేజ్: పిల్లలతో, అత్తయ్యతో మూడు రాత్రులు

అక్టోబర్‌లో మా పిల్లలకి ఫాల్ బ్రేక్. గుంటూరు నుంచి అత్తయ్య కూడా వచ్చి ఉన్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి లేవాలి, బయటి తిండి పడదు. అందుకే హోటల్ ఆలోచన మానేసి, 25 అడుగుల ఆర్వీ (పడకలు, వంటగది, బాత్రూమ్ లోపలే ఉండే బండి) అద్దెకి తీసుకుని అరిజోనాలోని చాండ్లర్ నుంచి బయల్దేరాం. గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్‌లో, ఆర్వీలు నిలుపుకునే ట్రైలర్ విలేజ్‌లో దిగాం. పెద్దవాళ్లని, పసివాళ్లని వెంటబెట్టుకుని తిరిగే కుటుంబాలకి పనికొస్తుందని రాస్తున్నాను.

గ్రాండ్ కాన్యన్ నేషనల్ పార్క్ లోపల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ సైట్ (బండి నిలిపే చోటు) దగ్గరే ఇచ్చేది ఇదొక్కటే. పక్కనున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ సౌకర్యం లేదు, 30 అడుగులు దాటిన బండిని రానివ్వరు. ఇక్కడ 50 అడుగుల దాకా పడుతుంది. సైట్లు పుల్ త్రూ, అంటే ఒక పక్క నుంచి లోపలికి వెళ్లి రెండో పక్క నుంచి బయటికి వచ్చేయొచ్చు. ఇంత పెద్ద బండి ఎప్పుడూ నడపని మా ఆయనకి రివర్స్ టెన్షన్ తప్పింది.

నీళ్ల పైపు బిగించాక మాత్రం చిక్కొచ్చింది. బండి అద్దెకిచ్చిన కంపెనీవాళ్లు అన్నీ చూసే ఇచ్చామన్నారు కానీ, పైపు మూతిలో రబ్బరు వాషర్ లేదు. కుళాయి తిప్పగానే నీళ్లు చిమ్మి ఆయన చొక్కా తడిసిపోయింది. చీకటి పడుతోంది, చలి మొదలైంది. పక్క సైట్‌లోని పెద్దాయన చూసి, తన డబ్బాలోంచి వాషర్ తీసిచ్చి, తనే బిగించి వెళ్లాడు. ఆర్వీ తీసుకునేవాళ్లు దయచేసి అద్దె ఆఫీసు దగ్గరే పైపు తగిలించి చూసుకోండి. రెండు వాషర్లు జేబులో వేసుకోండి.

వంట సంగతి చెప్పాలి. సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మొదటి రాత్రి గిన్నెలో వండిన అన్నం పలుకుగానే ఉండిపోయింది. అత్తయ్య తినలేక మజ్జిగ తాగి పడుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాడు కుక్కర్ తీశాను. కందిపప్పుకి ఇంట్లో మూడు విజిల్స్ చాలు, అక్కడ ఐదు రానిచ్చాను. అప్పుడు మెత్తగా మెదిగింది. కుక్కర్ లేకుండా మాత్రం వెళ్లకండి. మా బండికి 30 ఆంపుల కనెక్షన్. మొత్తం కలిపి 3,600 వాట్లు. హీటర్, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కెటిల్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బస్సు. పైపులు, వైర్లు తగిలించాక బండి మళ్లీ కదిపే పనే పడలేదు. పార్క్ లోపలి ఊరంతా తిరిగే బ్లూ రూట్ బస్సు ట్రైలర్ విలేజ్ దగ్గరే ఆగుతుంది. టికెట్ లేదు. ర్యాంప్ దించుతారు కాబట్టి అత్తయ్య మెట్టు ఎక్కకుండానే లోపలికి వెళ్లారు. మధ్యాహ్నం చిన్నాడికి నిద్ర ముంచుకొస్తే నేను వాణ్ణి తీసుకుని వెనక్కి వచ్చేసేదాన్ని, మిగతావాళ్లు తిరిగొచ్చేవాళ్లు. విజిటర్ సెంటర్‌లో పిల్లలు పార్క్ గురించి తెలుసుకుంటూ నింపే జూనియర్ రేంజర్ పుస్తకం ఉచితంగా ఇస్తారు. మా అమ్మాయి రెండు రోజులు కూర్చుని నింపి, రేంజర్ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి బ్యాడ్జ్ తెచ్చుకుంది. తను నాలుగో తరగతి. ఆ తరగతి పిల్లలకిచ్చే పాస్ ఉండటంతో మాకు 35 డాలర్ల ప్రవేశ రుసుం కూడా పడలేదు.

డ్రైనేజీ గురించి ఒక్క మాట. కనెక్షన్ ఉంది కదా అని టాయిలెట్ ట్యాంకు వాల్వ్ తెరిచి ఉంచకూడదు. నీళ్లు పోయి గట్టిది అడుగున మిగిలిపోతుంది. నిండాక ముందు దాన్ని, తర్వాత సింకు నీళ్ల ట్యాంకుని వదలాలి. ఆ నీళ్లకి పైపు కడుక్కుపోతుంది.

అక్టోబర్‌లో ఎల్క్‌లు (దుప్పి జాతి పెద్ద జంతువులు) జతకట్టే కాలం. మగవి సైట్ల మధ్యే తిరుగుతుంటాయి. వంద అడుగుల దూరం పాటించాలి, పిల్లల్ని కంట కనిపెట్టుకుని ఉండాలి. అవి సన్నగా, పొడుగ్గా ఈల వేసినట్టు అరుస్తాయి. రెండో రాత్రి చిన్నాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, “అమ్మా, ఇప్పుడు కుక్కర్ ఎవరు పెట్టారు?” అన్నాడు. అత్తయ్య వాణ్ణి ఎత్తుకుని కిటికీ కర్టెన్ కాస్త జరిపారు. మా పిక్నిక్ బల్ల అవతల, వెన్నెల్లో, చెట్టంత కొమ్ములతో నిలబడి ఉంది.