గాయకుడే మునియైన చిత్రం: 1972 నాటి తమిళ ‘అగత్తియర్’

పసిబిడ్డకు పాలు పట్టి, కడుపు నిమురుతూ ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అనే అమ్మమ్మల నోట మన తెలుగువారికి అగస్త్యుడి పేరు మొదట వినబడుతుంది. ఆ తరువాత ఆదిత్యహృదయం వల్ల ఆయన మరికొంత దగ్గరవుతాడు. తమిళులకు ఆయనతో ఉన్న బంధుత్వం ఇంతకంటే గాఢమైనది. వారి దృష్టిలో ఆయన తమ భాషకు తొలి వ్యాకరణం చెప్పిన గురువు, తమిళంలో మనకు దక్కిన అతి ప్రాచీన వ్యాకరణం రాసిన తొల్కాప్పియర్‌కు ఆచార్యుడు, తమిళనాట దక్షిణాన ఉన్న పొదిగై కొండను నివాసం చేసుకున్న ఇంటిపెద్ద. ఎ.పి. నాగరాజన్ దర్శకత్వంలో 1972లో వచ్చిన ‘అగత్తియర్’ చిత్రాన్ని చూడబోయే తెలుగు ప్రేక్షకుడు ఈ తేడాను మనసులో ఉంచుకోవడం మంచిది. లేకపోతే ఒక మహర్షి ఇంతసేపు పాడటమేమిటన్న విసుగు కలుగుతుంది.

నన్ను అడిగితే ఈ చిత్రానికి ప్రాణం ప్రధాన పాత్రధారి ఎంపికలోనే ఉంది. అగస్త్యుడిగా నటించినది పేరుమోసిన నటుడెవరో అనుకుంటాం గాని, ఆ వేషం శాస్త్రీయ సంగీత విద్వాంసుడు శీర్కాళి గోవిందరాజన్‌ది. తమిళ సంప్రదాయం అగస్త్యుడిని ‘కురుముని’, అంటే పొట్టి ముని, అంటుంది. గోవిందరాజన్‌ది కూడా పొట్టి విగ్రహమే, కంఠం మాత్రం కంచుగంట. ఆయన ముఖంలో భావాలు ఎక్కువ పలకవు. కోపానికీ కరుణకూ దాదాపు ఒకే చూపు. అయితే నోరు తెరిచి రాగం అందుకోగానే ఆ లోటు గుర్తుకు రాదు, సముద్రాన్ని పుక్కిట పట్టిన మనిషికి ఇలాంటి గొంతే ఉండి ఉంటుందని నమ్మబుద్ధి వేస్తుంది. నారదుడి వేషం కూడా తన పాటలు తానే పాడుకునే టి.ఆర్. మహాలింగానికే ఇచ్చారు గనుక, వీరిద్దరూ తెరమీద ఉన్నంతసేపూ సినిమా కచేరీగా మారిపోతుంది.

కున్నక్కుడి వైద్యనాథన్ సంగీతంలో అందరూ చెప్పుకునేది అగస్త్యుడికీ రావణుడికీ జరిగే గానపు పోటీ. అగస్త్యుడు తన సంగీతంతో కొండను కరిగించి రావణుడిని ఓడించాడన్న ఐతిహ్యం తమిళ నేలలో చాలా పాతది. అక్కడ గోవిందరాజన్ గొంతుకు ఎదురు నిలిచినది, రావణ పాత్రధారి ఆర్.ఎస్. మనోహర్‌కు పాడిన టి.ఎం. సౌందరరాజన్ గొంతు. భైరవి, తోడి, ఆరభి, షణ్ముఖప్రియ, హంసధ్వని, మోహన వంటి రాగాల పేర్లు సాహిత్యంలో మాటలుగా ఇమిడిపోయి, ఆ పేరు వచ్చిన చోట ఆ రాగమే పలుకుతుంది. మనం నాట అనే రాగాన్ని తమిళులు ‘నాట్టై’ అంటారు. నాడును, అంటే దేశాన్ని, అనడానికీ వారికి అదే మాట. ఏ దేశాన్నైనా నాదంతో గెలుస్తానని వాగ్వివాదానికి దిగుతూనే రాగం పేరును కూడా చెప్పేసే ఆ చమత్కారాన్ని అనువదించడం ఎవరి తరమూ కాదు, తెలిసి వింటే ఆనందించవలసిందే.

మనోహర్‌కు రావణుడు కొత్త వేషమేమీ కాదు; రంగస్థలం మీద లంకేశ్వరుడిగా ఆయన అప్పటికే ప్రసిద్ధుడు. ‘భూకైలాస్’ (1958)లో ఎన్.టి. రామారావు రావణుడిని చూసి పెరిగిన మనకు, ఆ రాక్షసరాజును శివభక్తుడిగా, సంగీతజ్ఞుడిగా గౌరవించే ఈ పద్ధతి పరాయిదిగా అనిపించదు. ఓటమిలో కూడా అతడి హుందాతనం చెడకపోవడం నాకు నచ్చింది.

లోపాలు లేవని కాదు. టి.కె.ఎస్. సోదరుల నాటక సంస్థలో పెరిగిన నాగరాజన్ ఇక్కడ కూడా నాటకాన్నే తీశారు. పాత్రలు వరుసగా నిలబడి నిండైన గ్రాంథిక తమిళంలో మాట్లాడుకుంటాయి. చెన్నైలో కొన్నేళ్లు ఉండి బజారు తమిళం నేర్చుకున్నవారికి సైతం సంభాషణలు సగమే అందుతాయి. కథ కూడా ఒకటిగా అల్లుకోదు, ఒక ఘట్టం ముగిసిన చోట మరొకటి మొదలవుతుంది, అంతే. మన పౌరాణికాలలోని మాయలను, సెట్టింగులను ఆశించి కూర్చుంటే నిరాశ తప్పదు.

పోటీ పాట పేరు పెద్దదైపోయి మరుగున పడినది కావేరి పాట. ‘నడందాయ్ వాళి కావేరి’ అన్న పల్లవి ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారంలోనిది. నడిచి వచ్చిన కావేరీ, వర్ధిల్లు అని దాని భావం. టి.కె. కళ పాడిన ‘తాయిఱ్ సిఱంద కోయిలుం ఇల్లై’ (తల్లిని మించిన గుడి లేదు) కూడా ఇలాగే పాతకాలపు తమిళ కవయిత్రి అవ్వైయార్ సూక్తి నుండి ఎదిగినది. రెండున్నర గంటల ఓపిక లేనివారు ఈ మూడు పాటలను వరుసగా విని, నచ్చితే తరువాత మొత్తం చిత్రానికి కూర్చోవచ్చు. నేను మాత్రం కావేరి పాట కోసమే రెండోసారి చూశాను.