లోడర్ వాల్వ్ బిగుసుకుంటే విప్పి శుభ్రం చేయాలా, కొత్తది వేయాలా?

ట్రాక్టర్ లోడర్ లివర్ వదిలాక నడిమి స్థానానికి తిరిగి రాకపోతే, వాల్వ్‌ను (లోడర్ సిలిండర్లకు హైడ్రాలిక్ ఆయిల్ పంపే భాగాన్ని) నిందించే ముందు బకెట్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్లను అటూ ఇటూ కదిపి పీడనం వదిలించి, లివర్‌ను వాల్వ్‌కు కలిపే లింకేజీని స్పూల్ (వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగి ఆయిల్ దారి మార్చే కడ్డీ) నుంచి విడదీసి చూడాలి. స్పూల్ విడిగా సాఫీగా కదిలితే దోషం తుప్పుపట్టిన పిన్నులదే కావచ్చు. అప్పుడు ఈ పోలికతోనే పనిలేదు.

స్పూలే బిగుసుకుని ఉంటే, విప్పి శుభ్రం చేయడం చవకైన మార్గం. చివరి మూతలోకి నీరు చేరి సెంటరింగ్ స్ప్రింగ్ (స్పూల్‌ను నడిమికి తెచ్చేది) తుప్పుపట్టినా, ఆయిల్‌లోని మడ్డి పేరుకున్నా ఇది సాధారణంగా సరిపోతుంది. బోల్టులను అతిగా బిగించడం వల్ల వాల్వ్ బాడీ స్వల్పంగా వంగి స్పూల్‌ను పట్టేస్తే, వాటిని సరైన టార్క్‌కు (బిగింపు బలానికి) సడలిస్తే చాలు. అయితే స్పూల్‌కూ దాని రంధ్రానికీ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే కనుక గరుకు కాగితంతో రుద్దకూడదు, ఒక స్పూల్‌ను మరో రంధ్రంలో పెట్టకూడదు. ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) మాత్రం కొత్తవే వేయాలి.

స్పూల్‌పై లోతైన గీతలు పడితే, లేదా సిలిండర్ సీళ్లు బాగున్నా ఎత్తిన బకెట్ దానంతటదే దిగుతుంటే, ఖరీదైనా కొత్త వాల్వే మేలని నా అభిప్రాయం. కొనేటప్పుడు ట్రాక్టర్‌ది ఓపెన్ సెంటర్ వ్యవస్థో (లివర్ నడిమిలో ఉన్నప్పుడు ఆయిల్ వాల్వ్ గుండా పారుతూ ఉండేది), క్లోజ్డ్ సెంటరో (అప్పుడు ఆయిల్ దారి మూసి ఉండేది), ఫ్లోట్ స్థానం (బకెట్ నేల ఎత్తుపల్లాలను బట్టి స్వేచ్ఛగా కదిలేది) ఉందో లేదో సరిచూసుకోవాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చకపోతే కొత్త వాల్వ్ కూడా అదే మడ్డికి బిగుసుకుంటుంది.